వరద తీసిన తరువాత

కర్నూలు నుంచి నంద్యాల పోయే బాటలో ఓర్వకల్లు రాతిగుట్టలను చూచిన వారికి, విపత్తు అనగానే ముందుగా స్ఫురించేది అనావృష్టి. అయినా 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచివేసిన సంగతి మనం మరువలేదు. 2020లో మహమ్మారి వచ్చి బడుల తలుపులు మూయించినది. వరదనాటికి ఈ ప్రాంతపు పిల్లల చేతిలో ఇంటర్నెట్టు అరుదు; మహమ్మారినాటికి పాఠమే సెల్‌ఫోనులో వచ్చినది. పాఠం కొరకు ఇంటికి వచ్చిన ఆ పరికరం, బడి తెరచిన తరువాత కూడా ఎందరో పిల్లల చేతిని విడువలేదు.

విపత్తుకూ ఈ అలవాటుకూ సంబంధమేమి? 2008 మే 12న చైనాలోని వెంచువాన్ ప్రాంతంలో ఘోర భూకంపం సంభవించినది. బ్రతికి బయటపడిన బడిపిల్లలను మనస్తత్వ శాస్త్రజ్ఞులు తరువాతి సంవత్సరాలలో పరిశీలించారు. నాటి భయం మనసును వదలని పిల్లలలో ఇంటర్నెట్టు వాడకం అదుపు తప్పటం అధికంగా కనిపించినది. కారణం ఊహించరానిది కాదు. తెరపై ఆట ఆ జ్ఞాపకాన్ని కొంతసేపు కప్పివేస్తుంది. తెర ఆరగానే జ్ఞాపకం తిరిగి వస్తుంది. మరల తెర కావలసివస్తుంది. రాత్రి నిద్ర చెడుతుంది, నిద్ర చెడిన మనసుకు భయం మరింత పెరుగుతుంది. గానుగెద్దు నడక వంటిదే ఇది.

ఇక మన కరవు సంగతి. దానికి భూకంపానికున్న చప్పుడు లేదు. జిల్లా పడమటి పల్లెల నుంచి తల్లిదండ్రులు మిరపకాయల కోతకు గుంటూరు సీమకు వలస పోతారు. కొందరు పిల్లలు అవ్వాతాతల వద్ద మిగిలిపోతారు. వారికి ఫోనంటే ఆటవస్తువు మాత్రమే కాదు. అమ్మ గొంతు వినిపించేదీ అందులోనే. ఫోను లాగివేయండని ఉపదేశించటం సులభం. నా మట్టుకు నాకు అది సగం వైద్యంగా కూడా తోచదు.

ఎన్ని గంటలు చూచినాడన్నది ఒక్కటే కొలత కాదు. మానదలచినా మానలేకపోవటం, నిద్ర, చదువు, స్నేహం చెడుతున్నా కొనసాగించటం ప్రధాన లక్షణాలు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన వ్యాధుల పట్టికలో అదుపు తప్పిన వీడియో ఆటలు రుగ్మతగా చేరినవి. ఇంటర్నెట్టు వాడకమంతా రుగ్మత అని ఆ పట్టిక చెప్పలేదు. పిల్లలను కోప్పడే ముందు పెద్దలు ఈ భేదం గ్రహించవలెను.

రాత్రివేళ ఫోనును గోడగూటిలో పెట్టించండి. పెద్దల ఫోను కూడా అక్కడే ఉండవలెను. సాయంత్రం ఆటకు పంపండి. వరదనో, వలసనో, పోయిన మనిషినో పిల్లవాడు తలచుకొంటే మాట మార్చక వినండి. ఓర్వకల్లులో 1990ల నుంచి వేళ్లూనిన స్త్రీల పొదుపు సంఘాలున్నవి. వాయిదాల లెక్క ముగిసిన పిదప ఈ ప్రస్తావన తెచ్చుటకు అంతకన్న తగిన చోటు నాకు కనబడదు. అప్పటికీ నిద్ర కుదరక, పిల్లవాడు ముభావంగానే ఉంటే, 2022లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేయవచ్చును. రుసుము లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చును.