ధాన్యం ధర పడినప్పుడు రుణ విమోచన చట్టం చేసిన పని
1930 నాటి మాంద్యంలో గోదావరి డెల్టా బజారు

గోదావరి డెల్టా ధాన్యం బజారులో ధర తగ్గటం కొత్త విషయం కాదు. పంట చేతికొచ్చిన నెలల్లో రాబడి పెరిగి ధర మెత్తబడటం, నిలవలు తరిగాక మళ్లీ కోలుకోవటం ఏటా ఉండేదే. కాని 1930లో మొదలైన పతనం ఆ తీరున సాగలేదు. పడిన ధర ఏళ్ల తరబడి లేవలేదు. ఆ కాలంలో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టాలు రైతుకు ఊరట కలిగించాయి. ఆ ఊరటకు అయిన ఖర్చు ఎవరి ఖాతాలో పడిందీ, ధరకు ఏం జరిగిందీ ధాన్యం, బియ్యం వ్యాపారులు తెలుసుకోదగిన సంగతి.

ధర సగం, బాకీ రెట్టింపు

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ మార్కెట్ కూలిన తరువాత ప్రపంచమంతటా వ్యవసాయ సరుకుల ధరలు దిగజారాయి. డెల్టాలో 1933-34 నాటికి ధాన్యం ధర సుమారు సగానికి వచ్చింది. బర్మా అప్పటికి భారతదేశంలో భాగం కావటంతో రంగూన్ బియ్యం సుంకం లేకుండా దిగుమతి అయ్యేది. దానికి తోడు సయాం, ఇండోచైనాల నుంచి చౌకగా నూకలు మద్రాసు రేవులకు రాసాగాయి.

ధర పడినా నోటు మీద రాసిన అంకె తగ్గదు. ఉదాహరణకు వెయ్యి రూపాయల అప్పుకు నూటికి రూపాయి వడ్డీ అయితే ఏడాదికి 120 రూపాయలు కట్టాలి. బస్తా ఆరు రూపాయలు పలికినప్పుడు ఆ వడ్డీకి 20 బస్తాలు చాలు. బస్తా మూడు రూపాయలకు వస్తే 40 బస్తాలు తోలాలి. పొలం అదే, దిగుబడి అదే, రైతు బాకీ మాత్రం ధాన్యం లెక్కన రెట్టింపైంది. సర్కారు శిస్తుదీ ఇదే వరస. కృష్ణా, గోదావరి డెల్టాల్లో రీసెటిల్‌మెంటు పేర శిస్తును రూపాయికి మూడణాల చొప్పున పెంచాలన్న ప్రతిపాదనపై రైతులు పెద్ద ఆందోళన చేశారు.

మద్రాసు రాష్ట్రంలో గ్రామీణ రుణభారం సుమారు 150 కోట్ల రూపాయలని 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం అంచనా వేసింది. 1935లో సత్యనాథన్ నివేదిక దానిని 200 కోట్లకు పైగా చూపింది. ధరలు సగమైన ఐదేళ్లలో బాకీ మూడోవంతు పెరిగిందన్న మాట.

తొలి ప్రయత్నాలు

ప్రభుత్వం మొదట దీర్ఘకాలిక రుణాల వైపు చూసింది. 1929లో ఏర్పడిన కేంద్ర భూమి తనఖా బ్యాంకుకు 1934లో ప్రత్యేక చట్టం అండ దొరికింది. ఆ బ్యాంకు డిబెంచర్లకు ప్రభుత్వం హామీ ఉండటంతో తక్కువ వడ్డీకి సొమ్ము సమకూరింది. రైతు దానితో పాత అప్పు తీర్చి, కొత్త బాకీని వాయిదాల్లో కట్టుకోవచ్చు. అయితే తనఖా పెట్టేందుకు చిక్కులేని భూమి ఉన్నవారికే ఈ దారి. కౌలు రైతుకు అందులో చోటు లేదు.

1935లో భారత ప్రభుత్వం విదేశీ నూకలపై బెంగాలు మణుగుకు 12 అణాల సుంకం వేసింది. 1936లో రుణ రాజీ చట్టం వచ్చింది. రుణదాతను, రుణగ్రస్తుణ్ణి బోర్డు ముందు కూర్చోబెట్టి ఒప్పించటం దీని పద్ధతి. ఒప్పుకోని రుణదాత విషయంలో బోర్డు చేయగలిగింది స్వల్పమే.

1938 చట్టం

1937 జూలైలో రాజగోపాలాచారి మంత్రివర్గం ఏర్పడింది. 1938 మార్చి 22 నుంచి మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం అమల్లోకి వచ్చింది. ఇందులో ఒప్పించటం లేదు, కోతే. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలవ ఉన్న వడ్డీ మొత్తం రద్దయింది. అసలు, వడ్డీల కింద కలిపి అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించి ఉంటే బాకీ పూర్తిగా తీరినట్టే. అంతకు తక్కువ కట్టినవారు రెట్టింపుకు తగ్గిన మొత్తాన్ని గాని, మిగిలిన అసలును గాని, ఏది తక్కువైతే అది కట్టాలి.

వెయ్యి రూపాయల నోటుపై వడ్డీ కింద 1,600 కట్టినవాడు మరో 400 ఇస్తే చాలు. 300 మాత్రమే కట్టినవాడు అసలు వెయ్యి ఇవ్వాలి. 2,000 కట్టినవాడికి నోటు తిరిగి ఇచ్చివేయాలి. 1932 అక్టోబరు 1 తరువాతి అప్పులకు నూటికి ఏడాదికి 5 రూపాయల సాధారణ వడ్డీ లెక్క కట్టారు. చట్టం వచ్చాక చేసే కొత్త అప్పులకు వడ్డీ రూపాయికి ఏడాదికి అణా, అనగా ఆరుంపావు శాతం మించరాదు. కోర్టు డిక్రీలు కూడా ఈ కోతకు లోబడినవే.

భారం ఎవరిపై

చట్టంలో వ్యాపారులు జాగ్రత్తగా చదివిన భాగం మినహాయింపులు. ప్రభుత్వానికి, స్థానిక సంస్థలకు, సహకార సంఘాలకు రావలసిన బాకీలకు కోత లేదు. వేరే ఆస్తి లేని స్త్రీకి రావలసిన బాకీలు, అసలు 3,000 రూపాయలు మించకపోతే, అవీ మినహాయింపే. మిగిలిన ప్రైవేటు రుణదాత నష్టం భరించాలి.

మరోవైపు 1938 మార్చి 31తో ముగిసిన రెండు ఆర్థిక సంవత్సరాల్లోనూ ఆదాయపు పన్ను కట్టినవాడు పొలం ఉన్నా వ్యవసాయదారుడు కాడు. డెల్టాలో మిల్లు యజమాని, ధాన్యం వర్తకుడు తరచు భూస్వామి కూడా. రైతుకు పంట మీద పెట్టుబడి ఇచ్చేదీ వారే, ఆ పెట్టుబడి కోసం బయట అప్పు తెచ్చేదీ వారే. పన్ను కట్టే వర్తకుడికి రైతు నుంచి రావలసిన బాకీ తగ్గింది, తాను ఇవ్వవలసిన బాకీ తగ్గలేదు. ఈ చట్టం అసలు ఇరుకున పెట్టింది ఈ మధ్య వరసను.

ప్రామిసరీ నోట్లు కేంద్ర శాసనసభ పరిధిలోనివి కాబట్టి రాష్ట్ర చట్టం చెల్లదన్న వాదన కోర్టులకెక్కింది. 1940లో ఫెడరల్ కోర్టు మద్రాసు చట్టాన్ని నిలబెట్టింది. బెంగాలు వడ్డీ వ్యాపారుల చట్టంపై 1947లో ప్రీవీ కౌన్సిల్ కూడా అప్పుల వ్యాపారం రాష్ట్ర విషయమేనని తీర్పు ఇవ్వటంతో ఆ వాదన ముగిసింది.

ధరను పట్టుకున్నది ఎప్పుడు

అమెరికా అదే మాంద్యంలో మరో వైపు నుంచి వచ్చింది. 1933 చట్టంతో సాగు తగ్గించినవారికి సొమ్ము ఇచ్చింది. అదే ఏడు ఏర్పడిన కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ సరుకు తాకట్టుపై అప్పు ఇచ్చేది. ధర రాకపోతే రైతు సరుకును సంస్థకే వదిలివేయవచ్చు. అక్కడి సంస్థ ధరకు అడుగు కట్టింది. ఇక్కడి చట్టం బాకీని కోసిందే గాని ధరను తాకలేదు.

డెల్టాలో ధాన్యం ధర లేచింది యుద్ధం వల్ల. 1942లో బర్మా జపాను వశమై రంగూన్ బియ్యం ఆగిపోయింది. ఆ ధరలతో పెద్ద రైతులు బాకీలు తీర్చుకున్నారు. అమ్మటానికి ధాన్యం లేని కూలీల అప్పు మాత్రం పెరిగిందని యుద్ధానంతరం జరిగిన విచారణలో తేలింది.

ధరకు అడుగు కట్టే సంస్థ మనకు వచ్చింది 1964 నాటి ఆహార సంస్థల చట్టంతోనే. దాని కింద భారత ఆహార సంస్థ 1965 జనవరిలో పని ప్రారంభించింది. అయినా మద్దతు ధర ప్రకటించటం వేరు, కళ్లంలో సరుకు కొనటం వేరు. ధర గిట్టుబాటు కావటం లేదని 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సాగు విరామం ప్రకటించినప్పుడు ఈ తేడా మరోసారి బయటపడింది.

మాంద్యం నాటి చట్టాలు బజారుకు మిగిల్చిన పాఠం ఇదే. ఊరట చట్టం వచ్చినప్పుడు మూడు విషయాలు చూడాలి. అప్పుకు ఏ తేదీ గీత గీశారు, రైతు అని ఎవరిని అన్నారు, ఏ రుణదాతను మినహాయించారు. ఈ మూడూ బాకీ ఎవరి ఖాతాలో కొట్టివేస్తారో చెపుతాయి. సరుకు కొనే నాథుడు ఎవరన్న ప్రశ్నకు జవాబు వేరే చట్టంలో ఉండాలి. అది లేని చోట ధర మళ్లీ పడితే, కొట్టివేసిన బాకీ కొత్త నోటుగా తిరిగి వస్తుంది.