ఆఖరి సైకిలు వచ్చిందా?

సైకిలు పందెంలో అందరికంటె ముందు వచ్చినవారికి బహుమానం ఇస్తారు. కాని పదిమంది కలిసి సైకిళ్ళమీద ఒక ఊరు వెళ్ళినప్పుడు, మొదటి సైకిలు ఎప్పుడు చేరిందని ఎవరూ అడగరు. "ఆఖరి సైకిలు వచ్చిందా?" అని అడుగుతారు. ఈ ప్రశ్న మరచిన సంఘం ఎంతోకాలం నిలవదు. దారిలో ఒంటరిగా మిగిలిపోయినవాడు మరుసటి ఆదివారం రాడు. ఆపై వారం మరొకడు మానేస్తాడు.

కలిసి సైకిలు తొక్కడం కొత్త సంగతి కాదు. లండన్ నగరంలో 1870లోనే పిక్విక్ సైకిలు క్లబ్బు ఏర్పడింది. 1897లో ఇటలీ దేశంలో పన్నెండుమంది రోము నగరంనుంచి నేపుల్సుకు 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో చేరాలని బయలుదేరారు. ఇటువంటి యాత్రలకు "ఆడాక్స్" అని పేరు వచ్చింది. లాటిన్ భాషలో ఆ మాటకు సాహసి అని అర్థం. ఫ్రాన్సులో 1904లో ఈ యాత్రలకు నియమాలు ఏర్పడ్డాయి. ఆ పద్ధతిలో సాగే బృందయాత్రలో ఒక నాయకుడు ముందుండి, గంటకు 22.5 కిలోమీటర్ల వేగంతో అందరినీ నడిపిస్తాడు. ఎంత బలం ఉన్నవాడైనా నాయకుణ్ణి దాటిపోరాదు. చూశారా, సాహసులకే ఈ కట్టడి!

మన నరసాపురం పిల్లలకు అంత వేగం అక్కరలేదు. మొదటిసారి పాలకొల్లు వెళ్ళి రండి. పోను సుమారు పది కిలోమీటర్లు, రాను పది. అందరిలోకి నెమ్మదిగా తొక్కినవారికి పది కిలోమీటర్లకు ఎంతసేపు పట్టిందో రాసుకోండి. యాభై నిమిషాలు పట్టిందనుకోండి. అంటే గంటకు పన్నెండు కిలోమీటర్లు. అదే మీ సంఘం వేగం.

తరువాత అంతర్వేది పెట్టుకోవచ్చు. అక్కడ వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్నది. అయితే రేవులో పంటు ఎక్కి, ఏరు దాటి, సఖినేటిపల్లిలో దిగాలి. వరద రోజుల్లో పంటు ఆగిపోతుంది. అందుచేత ముందురోజే రేవుకు వెళ్ళి కనుక్కోవాలి. అందరికీ ఒకే పంటులో చోటు దొరకకపోతే రెండు జట్లు కావాలి. ప్రతి జట్టులోనూ పెద్దవారు ఉండాలి. ముందు దిగినవారు రేవు వద్దనే ఆగాలి.

మన డెల్టాలో కొండలు లేవు. సైకిలు తొక్కేవారికి ఇక్కడ గాలే కొండ. పగటి ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రంమీది చల్లగాలి వస్తుంది. అంతర్వేది మనకు దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్నది. వేసవిలో తెల్లవారగానే బయలుదేరితే ఈ గాలి లేవకముందే అక్కడికి చేరవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వీపు తట్టి తోస్తుంది. పాలకొల్లు దారిలో ఇది తారుమారవుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు గాలి ఎదురవుతుంది. అందుకని ఆ రోజు పోయేటప్పుడే బలమంతా ఖర్చు చేయకూడదు.

ఇక వరుస సంగతి. దారి తెలిసిన పెద్దవారు ముందుండాలి. బాగా తొక్కగలవారొకరు గాలిపంపు, పానా, పంక్చరు సామాను పట్టుకొని అందరికంటె వెనుక ఉండాలి. ఈ వెనుక కాపును దాటి ఎవరూ వెనుకబడరాదు. చిన్నవారిని, కొత్తవారిని నాయకుడి వెనుకనే ఉంచాలి. ఎందుకో చెబుతాను.

నాయకుడు వంతెన మలుపులో కాస్త వేగం తగ్గిస్తాడు. రెండోవాడు అది చూసి కొంచెం ఆలస్యంగా, మరికొంచెం ఎక్కువగా తగ్గిస్తాడు. పదోవాడి దగ్గరకు వచ్చేసరికి కాలు కింద పెట్టి ఆగవలసి వస్తుంది. ఈలోగా నాయకుడు మళ్ళీ జోరందుకుంటాడు. పదోవాడు అతణ్ణి అందుకోవడానికి రొప్పుతూ తొక్కాలి. హార్మోనియం తిత్తిలాగా వరుస మూసుకుంటూ, తెరుచుకుంటూ ఉంటుంది. అందరిదీ ఒకే దూరం. శ్రమ మాత్రం చివరివాడికి ఎక్కువ. అందుచేత మలుపు దాటిన నాయకుడు వెనుక కాపు ఈల వినబడేవరకు మెల్లగా పోవాలి.

రోడ్డుకు ఎడమపక్కన ఒకరి వెనుక ఒకరు వెళ్ళాలి. గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగమంటే సెకనుకు మూడు మీటర్లకు పైన. ముందువాడు ఆగడం చూసి మన వేళ్ళు బ్రేకు నొక్కేలోపల దాదాపు ఒక సెకను గడిచిపోతుంది. కనుక ఇద్దరిమధ్య రెండు సైకిళ్ళ పొడవుకు తగ్గకుండా ఖాళీ ఉండాలి. కాలువగట్టు మీద, రొయ్యల లారీలు తిరిగే దారిలో ఈ ఖాళీయే ప్రాణరక్ష.

విశ్రాంతిలో కూడా ఒక అన్యాయం జరుగుతూ ఉంటుంది. ముందు చేరినవారు చెట్టునీడలో కూర్చుని మజ్జిగ తాగుతారు. ఆఖరివాడు చెమటలు కక్కుతూ రాగానే, "అందరూ వచ్చేశారు, పదండి!" అంటారు. అంటే అందరికంటె అలిసినవాడికి విశ్రాంతే లేదన్నమాట. ఆఖరి సైకిలు వచ్చిన తరువాతనే పది నిమిషాలు లెక్కపెట్టాలి. బయలుదేరేముందు, బడిలో హాజరు పలికినట్టు, ఎవరి అంకె వారు పలకాలి.

తలిదండ్రులకు ఒక మాట. ముందురోజే బ్రేకులు, గొలుసు, టైర్లలో గాలి చూడండి. ప్రతి బిడ్డకూ హెల్మెట్, నీళ్ళసీసా ఇవ్వండి. అందరి ఇళ్ళ ఫోను నెంబర్లు నాయకుడి వద్ద ఉండాలి. మధ్యలో అలిసిపోయినవారిని ఒంటరిగా వెనక్కు పంపరాదు. పెద్దవారొకరు వెంట ఉండి ఆటోలో తీసుకురావాలి.

ఇంటికి చేరాక సంఘం పుస్తకంలో ఎంతమంది బయలుదేరారు, ఎంతమంది తిరిగి వచ్చారు అని రాయండి. పోయినవారం వచ్చి ఈవారం రానివారి పేర్లు కూడా రాయండి. మరునాడు ఒకరు వారి ఇంటికి వెళ్ళి రావాలి. జ్వరమైతే పలకరించండి. సైకిలు చెడితే నలుగురూ కలిసి బాగుచేయించండి. "నేను మీతో సమానంగా తొక్కలేను, అందుకే రాలేదు" అంటే, వచ్చే ఆదివారం వారిని నాయకుడి వెనుక పెట్టుకొని, వారి వేగంతోనే బయలుదేరండి.