గాలిలో గంట.. గుమ్మం నుంచి గుమ్మానికి పూట

హథ్‌ఖోజ్ (భిలాయ్): రాయ్‌పూర్, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య సరళరేఖలో దూరం సుమారు 415 కిలోమీటర్లు. జెట్ విమానానికి ఇది గంట ప్రయాణం. అయితే భిలాయ్ ఉక్కునగరాన్ని ఆనుకుని ఉన్న హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడ నుంచి బయలుదేరే వారికి ఆ గంట లెక్క సరిపోదు.

రాయ్‌పూర్ సమీపంలోని మానా విమానాశ్రయానికి చేరేందుకే రోడ్డుపై గంటకు పైగా పడుతుంది. తనిఖీలు, నిరీక్షణ, సామాను కలిపితే సగం రోజు గడిచినట్లే. నేరుగా విమానం లేని రోజున హైదరాబాద్ మీదుగా వెళ్లవలసి ఉంటుంది. అప్పుడు గగనమార్గం 1,060 కిలోమీటర్లు దాటుతుంది. అంటే అసలు దూరానికి రెండున్నర రెట్లు. మధ్యలో విమానం మారేందుకు పట్టే సమయం అదనం.

ఈ లెక్క ఇక్కడి తెలుగువారికి కేవలం కాలక్షేపం కాదు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఈ పట్టణంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. స్వగ్రామం నుంచి దుర్వార్త అందినప్పుడు ప్రతి గంటా విలువైనదే.

2024 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గ్-విశాఖ వందేభారత్ రైలు సుమారు 565 కిలోమీటర్లను ఎనిమిది గంటల్లో చేరేలా నడిచింది. పైగా అది రాయగడ దాటాక పార్వతీపురం, విజయనగరంలలో ఆగుతుంది. పార్వతీపురం వెళ్లవలసిన వ్యక్తి విమానం ఎక్కితే విశాఖలో దిగి, నూరు కిలోమీటర్లకు పైగా వెనక్కు రావాలి.