పేరు కొరకు నడచిన దారి

ఎన్నికలు ముగిసినపుడు రేడియో ప్రక్కన కూర్చుండి ఫలితములు వినుట మనకు అలవాటైన పని. ఆ అంకెలలో పురుషుల ఓట్లెన్ని, స్త్రీల ఓట్లెన్ని అని మనము సాధారణముగా ప్రశ్నింపము. ఇంటిలోని తండ్రి ఓటునకు ఎంత విలువయో తల్లి ఓటునకును అంతియే విలువ అనుట మనకు సహజముగా తోచును. ఈ సహజమైన విషయము కొరకు ఇంగ్లండు స్త్రీలు 62 ఏండ్లు పోరాడిరి. ఆ పోరాటమునకు సాక్షిగా నిలిచిన లండను వీథులను నేడు రెండు గంటలలో నడచి చూడవచ్చును.

ఆ నగరమున ఇట్టి నడకలు ఏర్పాటగుచుండును. విషయము తెలిసిన మార్గదర్శి ఒకరు ముందు నడతురు. చూడవచ్చినవారు వెంట నడతురు. ఆయా ఘట్టములు జరిగిన చోటనే నిలిచి వాని కథను విందురు. స్థలక్రమమును బట్టి పోవుటచేత కాలము కొంత ముందు వెనుకలగును. పాఠకులను మేమును ఆ విధముగనే వెంటబెట్టుకొని పోదుము.

సెయింట్ జేమ్స్ పార్కు రైలుస్టేషనుకు సమీపమున కాక్స్‌టన్ హాలు అను ఎఱ్ఱ యిటుకల కట్టడము కలదు. 1940లో ఉద్ధంసింగు ఓడ్వయరును కాల్చినది ఇచ్చటనే గనుక ఈ పేరు మనవారికి కొత్త కాదు. అంతకు పూర్వమే, 1907 మొదలుకొని, స్త్రీలు ఇచ్చట ‘మహిళా పార్లమెంటు’ అను పేర సభలు జరిపెడివారు. ఓటుహక్కు కోరుచు తీర్మానము చేసి, దానిని ప్రధానమంత్రికి అందజేయుటకు ఇచ్చటినుండియే బయలుదేరెడివారు. ఎమ్మెలీన్ పాంక్‌హర్స్ట్ 1903లో మాంచెస్టరున స్థాపించిన సంఘమునకు చెందిన వీరిని ఒక పత్రిక ‘సఫ్రజెట్లు’ అని ఎగతాళి చేసినది. వారు ఆ పేరునే బిరుదుగా ధరించిరి.

1910 నవంబరు 18న ఇంచుమించు 300 మంది స్త్రీలు పార్లమెంటు వైపు సాగిరి. ముందు నడచినవారిలో ఇద్దరిని మనము గుర్తుంచుకొనవలెను. ఒకరు 74 ఏండ్ల వృద్ధురాలు, ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ అను వైద్యురాలు. రెండవవారు పంజాబు చివరి మహారాజు దులీప్‌సింగు కుమార్తె సోఫియా. పోలీసులు స్త్రీలను ఆరు గంటల సేపు నెట్టివేసిరి, కొట్టిరి, నూరుమందికి పైగా నిర్బంధించిరి. ఆ దినమునకు ‘నల్ల శుక్రవారము’ అను పేరు నిలిచిపోయినది.

వారు పోయిన వైపుననే పది పదిహేను నిమిషములు నడచినచో పార్లమెంటు స్క్వేరు చేరుదుము. 2015లో గాంధీజీ విగ్రహమును ప్రతిష్ఠించినది ఇచ్చటనే. 2018 ఏప్రిల్ 24న ఇచ్చట మిల్లిసెంట్ ఫాసెట్ విగ్రహమును ఆవిష్కరించిరి. ఆ స్థలమున నిలిచిన మొదటి స్త్రీవిగ్రహమిదియే. ఫాసెట్ శాంతిమార్గమును నమ్మినది. సభలు, అర్జీలు, చర్చలు ఆమె సాధనములు. అద్దములు పగులగొట్టుట, భవనములకు నిప్పు పెట్టుట వంటి సఫ్రజెట్ల పద్ధతులు ఆమెకు సమ్మతము కావు. అయినను ఆమె విగ్రహపీఠముపై ఉభయపక్షములవారి పేర్లును, ముఖములును చెక్కబడినవి. మొత్తము 59 మంది. వారిలో సోఫియా దులీప్‌సింగు ఒకతె.

వీథి దాటినచో వెస్ట్‌మినిస్టర్ హాలు. ఇచ్చటికి వచ్చుసరికి మనము 1866కు వెనుకకు పోవలెను. 1832 నాటి చట్టము ఓటరు ‘పురుషుడు’ అని స్పష్టముగా వ్రాసినది. దానిని మార్చుమని కోరుచు 1,499 మంది స్త్రీలు ఒక మహజరుపై తమ పేర్లు వ్రాసిరి. ఎమిలీ డేవిస్ అను ఆమెయు, స్నేహితురాలును ఆ కాగితపు చుట్టను మోసికొని ఈ హాలునకు వచ్చిరి. అంత పెద్ద చుట్టతో నలుగురి కంట పడుటకు సంకోచించి, ఆపిలు పండ్లు అమ్ముకొను స్త్రీ నొకతెను బతిమాలి, ఆమె బల్ల క్రింద దానిని దాచిరి. జాన్ స్టువర్ట్ మిల్ దానిని జూన్ 7న సభకు సమర్పించెను. మరుసటి సంవత్సరము చట్టములో ‘పురుషుడు’ అనుటకు మారుగా ‘వ్యక్తి’ అని వ్రాయవలెనని ఆయన సవరణ తెచ్చెను. అనుకూలముగా 73 ఓట్లు, వ్యతిరేకముగా 196 ఓట్లు వచ్చినవి. ఆనాడు పండ్లబల్ల క్రింద కాగితము దాచిన స్నేహితురాలెవరో కాదు, ఎలిజబెత్ గారెట్. 44 ఏండ్ల తరువాత నల్ల శుక్రవారమునాడు ముందు నడచిన వృద్ధురాలు ఆమెయే.

ఈ కట్టడపు నేలమాళిగలో ఒక ప్రార్థనామందిరము, దానిలో చీపుళ్లు మొదలగునవి పెట్టు చిన్న గది కలవు. 1911 ఏప్రిల్ 2 రాత్రి జనాభా లెక్కల రాత్రి. ఎవరు ఎచ్చట ఉన్నారో ఆ చిరునామాతో వారి పేరు వ్రాయుట నియమము. ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ ఆ రాత్రి ఈ చిన్న గదిలో దాగియుండెను. ఓటరుల జాబితాలో తన పేరు వ్రాయని పార్లమెంటు, కనీసము జనాభా లెక్కలలోనైన తన యింటి మనిషిగా వ్రాయవలెనని ఆమె పట్టుదల. అట్లే వ్రాసిరి. రెండేండ్ల తరువాత డెర్బీ పందెములో రాజుగారి గుఱ్ఱమునకు అడ్డుపోయి ఆమె మరణించెను.

ప్రక్కనే, నది యొడ్డున, విక్టోరియా టవర్ తోటలో ఎమ్మెలీన్ పాంక్‌హర్స్ట్ విగ్రహము కలదు. 1918 చట్టము 30 ఏండ్లు నిండి, ఆస్తికి సంబంధించిన అర్హత గల స్త్రీలకు మాత్రమే ఓటు నిచ్చినది. పురుషులతో సమానముగా 21 ఏండ్లకే ఓటు వచ్చినది 1928 జూలై 2న. పాంక్‌హర్స్ట్ జూన్ 14ననే కన్నుమూసెను. పద్దెనిమిది దినములలో చట్టము వచ్చినది.

మార్గదర్శి కథ ఇచ్చట ముగియవచ్చును గాని మనది ముగియదు. 1919లో ఈ పార్లమెంటు ఉభయసభల సంయుక్తసంఘము ఎదుట, భారతస్త్రీలకును ఓటు కావలెనని హైదరాబాదులో పుట్టిపెరిగిన సరోజినీనాయుడు వాదించెను. పార్లమెంటు తాను నిర్ణయింపక ఆ భారమును మన రాష్ట్రముల శాసనసభలపై ఉంచినది. బ్రిటిషు పాలనలోని రాష్ట్రములలో మొదట అంగీకరించినది, 1921లో, సర్కారు, రాయలసీమ జిల్లాలు కలిసియున్న మద్రాసు. కాని ఆస్తి నియమము వలన ఓటు దక్కిన స్త్రీలు స్వల్పము. వయోజనులందరికిని ఓటు ఇచ్చినది మన రాజ్యాంగమే.

అంతటితో ఐనను పని పూర్తి కాలేదు. 1951–52 ఎన్నికల జాబితాలకై ఇల్లిల్లు తిరిగినపుడు, ముఖ్యముగా ఉత్తరాది రాష్ట్రములలో, అనేక స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి కుమార్తె’ అని మాత్రమే వ్రాయించుకొనిరి. ఇంచుమించు 8 కోట్ల స్త్రీ ఓటరులలో 28 లక్షల మంది చివరివరకు సొంత పేరు తెలుపనందున ఓటు కోల్పోయిరి. హక్కు చేతికి వచ్చినది, పేరు మాత్రము ఇంటిలోనే మిగిలిపోయినది.

మహజరుపై వ్రాసిన పేర్లు, జనాభా లెక్కలలో ఎక్కించుకొన్న పేరు, పీఠముపై చెక్కిన పేర్లు — ఈ నడకలో మనము చూచినది ఇదియే. లండను పోయి చూచుట అందరికి సాధ్యము కాదు. కాని ఓటరుల జాబితా ప్రకటించిన దినమున పేర్లు సరిచూచుకొనుట ప్రతి యింటికిని సాధ్యమే. అమ్మ పేరు తప్పులు లేక పడినదా, కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలి పేరు పుట్టినింటి జాబితాలోనే ఉండిపోయినదా అని ఆ సాయంకాలము ఒక్కమారు విచారించినచో, ఆ దూరపు నడకలో మనమును ఒక అడుగు వేసినవారమగుదుము.