ఎండిన ఏటిలో పట్టణ మురుగునీరు: శుద్ధికి కొలమానం ఏది?

మదనపల్లె మీదుగా సాగే బాహుదా నది పింఛాతో కలిసి చెయ్యేరుగా మారి పెన్నలో చేరుతుంది. కుప్పం ప్రాంతం పాలారు పరీవాహకంలోనిది. కర్ణాటకలో పుట్టిన పాలారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 33 కి.మీ. మాత్రమే సాగి తమిళనాడులో ప్రవేశిస్తుంది. ఇవి వర్షాధారపు ఏర్లు. సంవత్సరంలో అధిక భాగం వీటిలో ఇసుకే కనిపిస్తుంది. అట్టి ఏటిలోకి పట్టణపు కాలువ చేరినప్పుడు మురుగునీరు నదిలో కలవదు, తానే నదిగా పారుతుంది.

పలుచబడని నీరు

శుద్ధి ప్రమాణాలకు మూలమైన భావన జీవనదుల దేశాలది. 1912లో బ్రిటిష్ రాయల్ కమిషన్ మురుగునీటికి లీటరుకు 20 మి.గ్రా. బి.ఓ.డి., 30 మి.గ్రా. అవలంబిత ఘనపదార్థాలు అనే పరిమితిని సూచించింది. నదిలో కనీసం 8 రెట్లు మంచినీరు కలుస్తుందన్నది దానికి షరతు. మన దేశంలో 2017 అక్టోబరు ప్రకటన మహానగరాలు కాని పట్టణాలకు బి.ఓ.డి.ని 30 మి.గ్రా.గా, మల కోలిఫాంను 100 మి.లీ.కు 1,000 లోపుగా నిర్ణయించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇంకా కఠినమైన పరిమితులను ఆదేశించింది.

బి.ఓ.డి. ప్రధానంగా జలచరాలకు అందే ఆక్సిజన్‌కు సంబంధించినది. ఇసుకలో ఇంకే నీటిలోని సేంద్రియ పదార్థం చాలవరకు అక్కడే కుళ్లి తగ్గుతుంది. నైట్రేటు, లవణాలు మాత్రం నీటితోపాటు దిగి బావులకు చేరగలవు. సాధారణ శుద్ధి కేంద్రం లవణాలను తొలగించదు. కావున పొడి ఏటి వెంబడి శుద్ధి ఫలితాన్ని ఏటిలోనే కాక బావిలోనూ కొలవవలసి ఉంటుంది.

నీటి విలువ

తలసరి 135 లీటర్ల సరఫరాలో 80 శాతం మురుగుగా తిరిగివస్తుందన్న లెక్కన లక్ష జనాభా గల పట్టణం నుండి రోజుకు 1.08 కోట్ల లీటర్లు వెలువడతాయి. పైరుకు రోజుకు 5 మి.మీ. తడి చొప్పున ఇది సుమారు 530 ఎకరాలకు సరిపోతుంది. అంగళ్లు, మదనపల్లె మార్కెట్లకు బోరుబావుల కింద టమాటా పండించే ప్రాంతానికి ఇది విస్మరించదగిన వనరు కాదు. అయినా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలో పట్టణ మురుగు రోజుకు 7,236.8 కోట్ల లీటర్లు కాగా శుద్ధి అవుతున్నది 2,023.5 కోట్ల లీటర్లే.

శుద్ధ జలం ఎరువు కూడా. లీటరుకు 30 మి.గ్రా. నత్రజని గల నీటిని హెక్టారుకు 4,000 ఘనపు మీటర్లు పారిస్తే 120 కిలోల నత్రజని చేరుతుంది. ఆ మేరకు యూరియా తగ్గించకపోతే టమాటాలో ఆకు ఏపుగా పెరిగి కాయ పక్వం ఆలస్యమవుతుంది. మిగిలిన నత్రజని తేలికపాటి ఎర్రనేలల్లో భూగర్భజలానికి దిగుతుంది. తాగునీటిలో నైట్రేటు పరిమితి లీటరుకు 45 మి.గ్రా. మాత్రమే.

శుద్ధి కేంద్రం నుండి పొలం వరకు

స్థిరీకరణ కుంటలు విద్యుత్తు లేకుండా నులిపురుగుల గుడ్లను తొలగిస్తాయి. కాని విశాలమైన స్థలం కోరుతాయి, ఎండకు నీరు ఆవిరై లవణ సాంద్రత పెరుగుతుంది. యాంత్రిక కేంద్రాలు తక్కువ స్థలంలో బి.ఓ.డి.ని తగ్గించినా క్రిమిసంహారం లేనిదే సూక్ష్మక్రిములను తగినంతగా తొలగించలేవు.

అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు శుద్ధితోపాటు పొలంలోని జాగ్రత్తలనూ లెక్కలోకి తీసుకున్నాయి. బిందు సేద్యం వలన నేలను తాకే పంటలో సూక్ష్మక్రిముల ముప్పు 100 రెట్లు, తాకని పంటలో 10,000 రెట్లు తగ్గుతుందని అంచనా. టమాటా మొక్కలకు ఊతకర్రలు కట్టే పద్ధతికి ఇక్కడ కొత్త ప్రయోజనం ఏర్పడుతుంది. కోతకు ముందు కొన్ని రోజులు తడులు ఆపడం మరొక రక్షణ.

విస్తరణ శాస్త్రవేత్తలు పట్టణ కాలువలకు దిగువన ఉన్న బావుల్లో వర్షాలకు ముందు, తరువాత విద్యుత్ వాహకత, నైట్రేటు పరీక్షలు చేయించాలి. వాహకత 0.7 డెసీసీమెన్/మీటరు దాటితే జాగ్రత్త, 3 దాటితే తీవ్ర పరిమితి అవసరమని ఆహార వ్యవసాయ సంస్థ సూచన. పుంగనూరు వంటి పట్టణాలలో విద్యార్థులు ఈ కొలతలను ఏటేటా నమోదు చేస్తే, శుద్ధి కేంద్రం ఫలితం రైతుకు అర్థమయ్యే భాషలో, అతని బావి నీటిలోనే తెలుస్తుంది.