జోడెడ్ల వంటి బండి



అమెరికా రైతుకు పికప్ ట్రక్కు మనకు ఎడ్లబండి వంటిది. వెనుక తొట్టిలో దాణా, ఎరువు బస్తాలు, పనిముట్లు వేసుకొని పోతాడు. అయితే ఈ ట్రక్కులు పెట్రోలు బాగా తాగుతాయి. అందుచేత పెట్రోలు ఇంజనుకు కరెంటు మోటారును తోడుచేసి, కంపెనీలు పోటాపోటీగా అమ్ముతున్నాయి. వీటిని హైబ్రిడ్ బండ్లు అంటారు.

ఇందులో ఇంజను ఒక ఎద్దు, మోటారు రెండవ ఎద్దు అనుకోండి. బండి కదిలేటప్పుడు, మిట్ట ఎక్కేటప్పుడు మోటారు కాడి పంచుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిలో కొంత కరెంటై బ్యాటరీలో చేరుతుంది. ఆగుతూ సాగే ప్రయాణంలో ఆదా ఎక్కువ. బరువు లాగుతూ ఒకే వేగంతో దూరం పోతే ఆదా తక్కువ. ఈ సంగతి మరువరాదు.

ఇక పోటీ చూడండి. జనరల్ మోటార్స్ వారు సిల్వరాడో ట్రక్కులో 2009 మోడలు నుంచి 2013 దాకా ఒక హైబ్రిడ్ రకం అమ్మి, తరువాత మానివేశారు. ఫోర్డువారి ఎఫ్-150 హైబ్రిడ్ 2021 మోడలుగా వచ్చింది. దాని బలం 430 అశ్వశక్తి. మరుసటి మోడలు సంవత్సరంలో టయోటావారు టండ్రాను 437 అశ్వశక్తితో దింపారు.

ఈ ఏడు అశ్వశక్తుల తేడాతో రైతుకు ఒరిగేదేమిటి? అంతకంటె పనికొచ్చేది వేరొకటి ఉన్నది. ఎఫ్-150 హైబ్రిడ్ లో 7,200 వాట్ల కరెంటు ఇచ్చే ఏర్పాటు కోరి పెట్టించుకోవచ్చును. చేనిగట్టునే వెల్డింగు చేసుకోవచ్చును. 2021 ఫిబ్రవరిలో టెక్సాసులో మంచుతుపానుకు కరెంటు పోతే, కొందరు ఈ ట్రక్కులతోనే ఇళ్లలో దీపాలు వెలిగించుకున్నారు.

అదే ఫోర్డువారి చిన్నట్రక్కు మావెరిక్, 2022 మోడలు, 191 అశ్వశక్తిది. అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం లీటరుకు 15 కిలోమీటర్లు దాటి నడుస్తుంది. ఎఫ్-150 హైబ్రిడ్ కు అది సుమారు పదిన్నర మాత్రమే. కాని ఆ మావెరిక్ హైబ్రిడ్ వెనుక కట్టి లాగగలిగేది సుమారు 900 కిలోలు. ఎఫ్-150 హైబ్రిడ్ తగిన ఏర్పాట్లుంటే 5,700 కిలోలు లాగుతుంది.

కనుక గొప్ప బండి ఏది అని అడగకండి. నా బరువెంత, నా దూరమెంత, రోజుకు ఎన్నిసార్లు ఆగుతాను అని అడగండి. రేపు మన ఊళ్లో ఎవరైనా హైబ్రిడ్ బండి అమ్మజూపినా లెక్క ఇదే. అదనంగా పెట్టిన సొమ్ము ఎన్నేళ్లకు పెట్రోలులో తిరిగివస్తుందో కాగితం మీద వేసి చూడండి. ఎద్దును కొనేముందు కాడి కట్టి చూసేవాళ్లం. బండి విషయంలో మాత్రం తొందరెందుకు?