అమ్మ అమెరికాలో, నాన్న సైనిక్‌పురిలో

మా సైనిక్‌పురి సైన్యంలో పనిచేసి రిటైరైన వారి కోసం వెలసిన కాలనీ. ఇక్కడ చాలా ఇళ్ళలో ఇప్పుడు ఇద్దరే ఉంటారు, పిల్లలు పైదేశాల్లో ఉంటారు. కూతురి పురిటికనో, మనవడిని చూసుకోవడానికనో భార్య ఆరు నెలలు వెళ్ళిందంటే ఇక ఒక్కరే. నేను ప్రభుత్వ వైద్యుణ్ణి. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఇరుగుపొరుగువారు ఎవరో ఒకరు మందుల సంచీతో వరండాలో కూర్చుని ఉంటారు. ఈ సంగతి అలా తెలిసిన ఒక ఇంటిదే.

ఆయనకు డెబ్భై దాటాయి. సైన్యంలో క్రమశిక్షణగా బతికిన మనిషి. పన్నెండేళ్ళుగా రక్తపోటు ఉంది. రోజూ పొద్దున కాఫీ గ్లాసు పక్కన భార్య మాత్ర పెట్టేది, ఆయన వేసుకునేవారు. వేసవిలో ఆమె కూతురి పురిటికి డల్లాస్ వెళ్ళింది. కాఫీ ఆయనే కలుపుకున్నారు గాని మాత్ర సంగతి పట్టించుకున్నవారు లేరు. ఆమె ప్రతిరోజూ అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే మనకు ఉదయం ఏడింటికి, ఫోన్ చేసేది. ‘‘మందు వేసుకున్నారా?’’ అంటే, ‘‘ఆ, వేసుకున్నాను’’ అనేవారు. ఆమె అక్కడ బెంగపడకూడదని ఆయన ఉద్దేశం. మా మగవాళ్ళు చెప్పే అబద్ధాల్లో ఇంత ప్రమాదకరమైనది మరొకటి లేదు.

నెల గడిచింది. ఒకరోజు ఏడింటి ఫోన్‌లో ఆయన మాట ముద్దముద్దగా వినిపించింది. ‘‘పళ్ళసెట్టు పెట్టుకోలేదు’’ అన్నారట. ఆమె ఊరుకోలేదు. ‘‘వీడియో పెట్టండి. ఒకసారి నవ్వండి’’ అంది. నోరు ఒక పక్కకు లాగింది. ‘‘రెండు చేతులూ ముందుకు చాపండి’’ అంటే కుడి చెయ్యి కిందికి జారిపోయింది. ఆమె చదివింది స్కూలు ఫైనలే. ఏనాడో ఏదో పత్రికలో పక్షవాతం గురించి చదివి గుర్తుపెట్టుకుందట.

డల్లాస్ నుంచి 108 నొక్కితే మన అంబులెన్సు పలకదు. ఆమె దగ్గర పక్కింటివారి నంబరు ఉంది, అదే అక్కరకొచ్చింది. పక్కింటి అబ్బాయి గోడ దూకి వెళ్ళాడు. ఆరింటికి పాలప్యాకెట్లు తీసుకుంటూ తనతో చక్కగా మాట్లాడారని ఆ అబ్బాయే డాక్టర్లకు చెప్పాడు. ఈ ముక్క చాలా ముఖ్యం. మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఆ గంటలు లెక్కించేది మనం గమనించిన క్షణం నుంచి కాదు, మనిషి చివరిసారి బాగా ఉన్నట్లు తెలిసిన సమయం నుంచి. స్కాను తీసి, అది రక్తస్రావం కాదని తేలాకే ఇంజెక్షన్ ఇస్తారు.

ఇంతలో మరో చిక్కు. ఇ.సి.హెచ్.ఎస్. కార్డు ఎక్కడుందో ఆయనకు చెప్పడానికి మాట రావడం లేదు. చివరికి డల్లాస్ నుంచి ఆమే చెప్పింది: బియ్యం డబ్బా వెనక ఉన్న పాత ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో!

కనుక ప్రయాణమయ్యే తల్లులకు నా మనవి. పచ్చళ్ళు కట్టుకోవడానికి పట్టే సమయంలో పదో వంతు ఇంటి దగ్గర ఉండే మనిషి కోసం కేటాయించండి. ఇద్దరు పొరుగువారి నంబర్లు, మీ డాక్టరు నంబరు, దగ్గరి ఆసుపత్రి నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి, నకలు మీతో తీసుకెళ్ళండి. ఒక తాళంచెవి పక్కింట్లో ఇవ్వండి. కార్డులు, పాత రిపోర్టులు ఒకే సంచీలో పెట్టి అది ఎక్కడుందో నలుగురికీ చెప్పండి. ఫోన్‌లో ‘‘బాగున్నారా?’’ అని అడగకండి, ‘‘బాగున్నాం’’ అనే వస్తుంది. ‘‘మందు అట్ట చూపించండి, ఎన్ని మిగిలాయి?’’ అని అడగండి. వారానికొకసారి బి.పి. అంకె చెప్పించుకోండి.

ఇక వెళ్ళినవారి ఆరోగ్యం. ఫోన్ కోసం నిద్ర పాడుచేసుకోకండి. ఈమె మొదటి పదిరోజులూ ఆయన అన్నం తిన్నారో లేదోనని అక్కడ రాత్రి రెండున్నరకు లేచి మాట్లాడేదట. ప్రయాణపు బడలికకు అది తోడైతే షుగరూ, రక్తపోటూ రెండూ పెరుగుతాయి. రెండు ఇళ్ళకూ మెలకువగా ఉండే వేళ ఒకటి ఖాయం చేసుకోండి. అమెరికాలో చాలా చోట్ల నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మార్చిలో ముందుకు తిప్పుతారు. ఆ సంగతి ఇక్కడివారికి ముందే చెప్పకపోతే గంటసేపు ఫోన్ రాలేదని కంగారుపడతారు.

మందులు చేతిసంచీలోనే ఉండాలి. ఇన్సులిన్ అయితే మరీ. సామాన్ల అరలో గడ్డకడితే పనికిరాదు. పడమటికి వెళ్ళేటప్పుడు రోజు పది, పదకొండు గంటలు సాగుతుంది కనుక ఇన్సులిన్ మోతాదు, వేళలు బయల్దేరే ముందే మీ డాక్టరును అడిగి రాయించుకోండి. మందుల చీటీలో కంపెనీ పేరు కాక అసలు మందు పేరు ఉండాలి. అక్కడ పేర్లు కూడా వేరు. మన పారాసెటమాల్‌ను అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ఒకావిడ ఇక్కడినుంచి తెచ్చుకున్నదీ, అక్కడ అల్లుడు కొన్నదీ రెండూ వేసుకుంది. రెండూ ఒకటేనని తెలియదు, పాపం. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. ఉబ్బసం వారి సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్ అవుతుంది.

అంకెలతోనూ తికమకే. లండన్ వెళ్ళిన తండ్రి ‘‘షుగర్ 7.8’’ అని ఫోన్ చేస్తే ఇక్కడ భార్య ఏడుపు అందుకుంది, 78కి బదులు ఏడే ఉందనుకుని. ఇంగ్లండులో కొలత వేరు. ఆ అంకెను 18తో గుణిస్తే మన లెక్కకు వస్తుంది. 7.8 అంటే సుమారు 140. జ్వరం కూడా అక్కడ 37 అంటే మన 98.6 అన్నమాట.

ఒకప్పుడు పల్చటి నీలం కాగితం మీద రాసిన ఉత్తరం సముద్రం దాటి వచ్చేసరికి జ్వరం వచ్చి, తగ్గి, మనిషి పొలానికి కూడా వెళ్ళేవాడు. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఏడిచేవారు. ఆ టెలిగ్రాం 2013లో ఆగిపోయింది. ఇప్పుడు ముఖం కనబడుతుంది. కనబడుతున్నది కదా, కాస్త చూడండి మరి: కాళ్ళ వాపు, ఆయాసం, తగ్గిన బరువు, మాసిన బట్టలు, అడిగిన మాటే మళ్ళీ అడగడం.

ఆయన కోలుకున్నారు. కుడిచేత్తోనే కాఫీ గ్లాసు పట్టుకుంటున్నారు, కాస్త వణుకు మాత్రం ఉంది. కూతురి పురుడు అయ్యేదాకా ఆమె డల్లాస్‌లోనే ఉంది, ఆయనే రావద్దన్నారు. ఇప్పుడు ఉదయం ఏడింటికి ఫోన్‌లో ముందుగా మాత్ర నాలుక మీద పెట్టి చూపించి, నీళ్ళు తాగి, ఆ తర్వాతే మనవరాలిని చూస్తారట.